డై-ఐ స్ఫటికాలు: కప్ప కంటి నుంచి నడిమెదడు దాకా దారి చూపే రంగు

దక్షిణాఫ్రికా గోళ్ళకప్ప అయిన జెనోపస్ లేవిస్ కంటి నుంచి మెదడుకు వెళ్ళే నాడీతంతువుల దారిని గుర్తించడానికి మా ప్రయోగశాలలో రెండేళ్ళుగా డై-ఐ అనే రంగును వాడుతున్నాము. అంతకుముందు వాడిన హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును ప్రాణమున్న కణాలే మోసుకుపోవాలి. డై-ఐ కొవ్వులో కరిగేది కనుక కణత్వచం వెంట దానంతట అదే పాకుతుంది. నెలల క్రితం పారాఫార్మాల్డిహైడ్‌లో భద్రపరచిన తోకకప్ప తల మీద కూడా పనిచేస్తుంది. నన్ను దీనివైపు తిప్పినది ఆ ఒక్క గుణమే.

కంటి కటకం తీసివేసి, కీటకాలను గుచ్చే సన్నని సూది మొన మీద ఇసుక రేణువుకన్నా చిన్న డై-ఐ పలుకును ఎత్తి, రెటీనా నుంచి నాడి బయలుదేరే చోట ఆనించి, 37 డిగ్రీల వద్ద చీకటిలో ఉంచుతాము. కొన్ని మిల్లీమీటర్లు పాకడానికే వారాలు పడుతుంది కనుక పెద్ద కప్పలకు నేటికీ పెరాక్సిడేజే మేలు. వైబ్రటోమ్ అనే, కంపించే బ్లేడున్న యంత్రంతో పొరలుగా కోసి ఆకుపచ్చ కాంతిలో చూసినప్పుడు, నాడి నారింజ-ఎరుపు దారంలా మెరుస్తూ మెదడు అడుగున అవతలి పక్కకు దాటి, ఎదుటి టెక్టమ్ (నడిమెదడు పైకప్పు) పై పొరల్లో విచ్చుకుంటుంది. రెటీనాలో ముక్కు వైపు అంచున మాత్రమే పలుకు పెడితే రంగు టెక్టమ్ వెనుక భాగానికి, కణత వైపు పెడితే ముందు భాగానికి చేరుతుంది. 1940లలో నాడీశాస్త్రవేత్త రోజర్ స్పెరీ ఉభయచరాల కన్నును తలకిందులుగా తిప్పి, నాడి తిరిగి పెరిగాక అవి ఎర లేని దిక్కుకు దూకడాన్ని బట్టి తేల్చిన అమరికను ఇక్కడ కంటితో చూడవచ్చు.

లోపాలు లేకపోలేదు. రంగు నాడీసంధిని దాటదు. టెక్టమ్ నుంచి ఇస్త్మి కేంద్రకమనే నాడీకణాల గుంపుకు వెళ్ళే తరువాతి అంచె కావాలంటే టెక్టమ్‌లోనే మరో పలుకు పెట్టాలి. యాంటీబాడీలను కణాల్లోకి పంపడానికి వాడే డిటర్జెంట్ తగిలితే రంగు కారిపోతుంది కనుక వాటితో కలిపి వాడడం కష్టం.

ఈసారి సరఫరాదారు పంపిన సీసాలో పలుకులకు బదులు పిండిలాంటి పొడి వచ్చింది. అది సూదిని వదలక, వదిలినప్పుడు టెక్టమ్ మీద రాలి, ఎర్రని చుక్కలై కూర్చున్నది. మాలో ఒకరు వాటిని తంతువుల కొసలనుకొని ఒక పూటంతా లెక్కపెట్టారు. మూత తీసిన సీసాను వెనక్కి తీసుకోబోమని సరఫరాదారు చెప్పారు. అందుచేత ఇప్పుడు మూత తీయకముందే సీసాను దీపం ఎదుట వంచి, పలుకులు విడివిడిగా దొర్లుతున్నాయో లేదో చూస్తున్నాము.