ఆరుద్రా? వెల్చేరా?

తెలుగు సాహిత్య చరిత్రకు ఆరుద్ర ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ కొనాలా, వెల్చేరు నారాయణరావు ‘తెలుగులో కవితా విప్లవాల స్వరూపం’ కొనాలా?

ఖర్చు: ఆరుద్రది సంపుటాల వరస, జేబుకూ, అలమారాకూ బరువే. వెల్చేరుది ఒక్కటే పుస్తకం.

శ్రమ: ఇక్కడ తారుమారు. ఆరుద్ర చాళుక్యుల కాలం, కాకతీయుల కాలం అంటూ రాజవంశాల వారీగా కబుర్లాడుతూ నడిపిస్తారు. ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. 1978లో వచ్చిన వెల్చేరు పుస్తకం మొత్తం ఒకే వాదన. మధ్యలో పేజీలు దాటేస్తే పట్టు తప్పుతుంది.

రిస్కు: ఆరుద్రతో వివరాల్లో మునిగిపోతాం. వెల్చేరుతో, నన్నయను చదవకుండానే నన్నయ మీద అభిప్రాయం వచ్చేస్తుంది. నాకు రెండోదే ఎక్కువ భయం.

పోటీ పరీక్షలకైనా, ఒక కవి గురించి వెతుక్కోవడానికైనా ఆరుద్ర. పద్యాలు కొంత చదివి, కవిత్వం ఎందుకు మారిందని బుర్ర గోక్కుంటున్నవాళ్లకు వెల్చేరు. దగ్గర్లో మంచి లైబ్రరీ ఉంటే ఆరుద్రను కొననే అక్కర్లేదు.