కారులో చరిత్ర: రామప్ప దారా, గండికోట దారా?

హైదరాబాద్ నుంచి రామప్ప దారిలో ఆగే చోట్లు ఎక్కువ. భువనగిరి కోట, పెంబర్తి ఇత్తడి పని, హనుమకొండ వేయిస్తంభాల గుడి వరసగా తగులుతాయి. పెంబర్తిలో తప్పక ఆగండి. రేకు మీద ఉలి దెబ్బ ఒక్కొక్కటే పడుతూ పువ్వు విచ్చుకోవడం కళ్లారా చూడొచ్చు. అక్కడ కొనే చిన్న దీపం కూడా ఆ విద్యను బతికిస్తుంది. 1213 నాటి రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు.

తాడిపత్రి, బెలూం గుహలు, గండికోట దారి వేరు. పెన్న లోయ అంచున నిలబడితే మాట రాదు. కానీ ఊళ్ల మధ్య దూరం ఎక్కువ, నీడ తక్కువ. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడి గుడిలో అసంపూర్తి గోపురాల శిల్పాలకే ఒక పూట కావాలి.

పిల్లలతో అయితే నా ఓటు రామప్పకే. గండికోటకు చలికాలంలో, రెండు రోజులు పెట్టుకుని వెళ్లండి.