టెక్సస్ ప్రాపర్టీ ట్యాక్స్ సైటు: ఊరి లెక్కలో సగం ఇక్కడ, సగం షాపు రసీదులో

టెక్సస్‌లో ఇల్లున్నవాళ్ళకు కొన్నేళ్ళ క్రితం దాకా ఆగస్టులో ఒక పోస్ట్‌కార్డు వచ్చేది. చాలామంది దాన్ని ప్రకటన కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేసేసేవారు. మీ పన్ను రేట్లు ఫలానా సైటులో చూసుకోండని చెప్పే కార్డు అది. 2019లో వచ్చిన సెనేట్ బిల్లు 2 ప్రకారం ప్రతి కౌంటీలో ఇళ్ళకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్ ఈ సైటు నడపాలి. టెక్సస్ డాట్ గవ్ స్లాష్ ప్రాపర్టీ ట్యాక్సెస్‌కి వెళ్ళి కౌంటీ ఎంచుకుంటే చాలు, కాలిన్ అయినా, డెంటన్ అయినా, ఫోర్ట్ బెండ్ అయినా. ఖాతా అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు.

అడ్రసు కొడితే మీ ఇంటి మీద పన్ను వేసే సంస్థలన్నీ వరసగా వస్తాయి: కౌంటీ, సిటీ, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ డిస్ట్రిక్ట్, ఉంటే మడ్ (కాలనీకి నీళ్ళు, డ్రైనేజీ చూసే డిస్ట్రిక్ట్). ఒక్కోదానికి పోయినేడు కట్టిన పన్ను, ప్రతిపాదిత రేటు మీద పడే పన్ను, నో న్యూ రెవెన్యూ రేటు మీద పడే పన్ను పక్కపక్కనే ఉంటాయి. ఈ చివరి గడిని పట్టించుకునేవాళ్ళు తక్కువ గానీ, అసలు చూడాల్సింది అదే. పోయినేడు పన్ను కట్టిన ఆస్తుల మీదే మళ్ళీ అంతే డబ్బు రావాలంటే ఏ రేటు సరిపోతుందో అది చెబుతుంది. ఇళ్ళ విలువలు పెరిగిన ఏడాది "రేటు పెంచలేదు, పైగా అర సెంటు తగ్గించాం" అని కౌన్సిల్ చెప్పుకోవచ్చు. అయినా మీ బిల్లు పెరుగుతుంది. ఆ కిటుకు ఈ గడిలో బయటపడిపోతుంది. నో న్యూ రెవెన్యూ రేటు దాటి వెళ్ళాలంటే తీర్మానంలోనే "పన్ను రేటు పెంచుతున్నాం" అనే మాట వాడాలని చట్టం. కౌన్సిల్లో కనీసం 60 శాతం మంది ఒప్పుకోవాలి. సైటుకి ఇక్కడ పూర్తి మార్కులు.

తర్వాతది వోటర్ అప్రూవల్ రేటు. రోజువారీ నిర్వహణకు, అంటే పోలీసు, ఫైరు, పార్కులు, లైబ్రరీలకు వచ్చే పన్నును సిటీ ఏటా 3.5 శాతం వరకే పెంచుకోవచ్చు, దాటితే ఓటర్లను అడగాలి. అప్పుల మీద కట్టే ఐ అండ్ ఎస్ భాగానికి, కొత్త ఇళ్ళ మీద వచ్చే పన్నుకు ఈ పరిమితి వర్తించదు. చిన్న ఊళ్ళకు మాత్రం ఇంకో దారి ఉంది. జనాభా 30,000 లోపుంటే డీ మినిమిస్ రేటు అని వేరే లెక్క. ఉన్న ఆదాయం మీద 5 లక్షల డాలర్ల వరకు అదనంగా తెచ్చుకున్నా ఎన్నిక దానంతట అది రాదు, జనం సంతకాలు పోగుచేసి పిటిషన్ పెడితే తప్ప. నిర్వహణ పన్ను ఏడాదికి 20 లక్షలు వసూలయ్యే ఊరిని తీసుకోండి. 3.5 శాతమంటే 70 వేలు. 5 లక్షలంటే పాతిక శాతం! "మనకు 3.5 శాతం పరిమితి ఉందిగా" అని చిన్న ఊళ్ళో ఇల్లు కొని నిశ్చింతగా ఉండేవాళ్ళు ఈ గడిని తప్పకుండా చూడాలి. అది రేటు లెక్కగట్టే వర్క్‌షీటు పీడీఎఫ్‌లో చివరి పేజీల్లో ఉంటుంది. అక్కడిదాకా వెళ్ళే ఓపిక ఎవరికుంటుంది? సైటు మొదటి లోపం ఇదే.

రెండో లోపం ఇంకా పెద్దది. ఊరు నడిచేది ప్రాపర్టీ ట్యాక్స్ ఒక్కదానితోనే కాదు. షాపులో కట్టే 8.25 శాతంలో 6.25 రాష్ట్రానికి పోతుంది. మిగిలిన 2 శాతమే స్థానికం. అందులో ఒక శాతం సిటీ జనరల్ ఫండ్‌కి. రెండో శాతాన్ని ఏం చేయాలో ఊరు ఎంచుకుంటుంది. ప్లేనో, అర్వింగ్ లాంటి ఊళ్ళు దాన్ని డల్లస్ ప్రాంతపు రవాణా సంస్థ డార్ట్ నడిపే బస్సులకు, రైళ్ళకు రాసిచ్చేశాయి. డార్ట్‌లో చేరని ఫ్రిస్కో అదే శాతాన్ని రెండు అర శాతాలుగా చేసి టైప్ ఏ, టైప్ బీ డెవలప్‌మెంట్ కార్పొరేషన్లకు (ఊరికి వ్యాపారాలు, వసతులు తేవడానికి పెట్టుకున్న సంస్థలు) ఇస్తుంది. కొన్ని ఊళ్ళు కొంత భాగాన్ని రోడ్ల మరమ్మతులకు కేటాయించుకుంటాయి. ఇంకొన్ని అర శాతం దాకా నేరుగా ప్రాపర్టీ ట్యాక్స్ తగ్గింపుకి వాడతాయి. ఆ డబ్బు ఎంతొస్తే వర్క్‌షీటులో రేటు అంత తగ్గించి చూపాలి. రెండు పన్నులూ కాగితం మీద కలిసే చోటు అదొక్కటే. అడ్రసు కొట్టగానే వచ్చే పేజీలో మాత్రం ఇదేమీ ఉండదు.

రెండింటి తూకం తెలియాలంటే ఒక లెక్క. పన్ను పడే విలువ 4 లక్షలున్న ఇల్లు, సిటీ రేటు వంద డాలర్లకు 45 సెంట్లు అనుకుందాం. సిటీకి 1,800 డాలర్లు. ఒక శాతం సేల్స్ ట్యాక్స్‌తో అదే 1,800 రావాలంటే ఆ కుటుంబం ఊళ్ళోనే 1,80,000 డాలర్ల పన్ను పడే సరుకు కొనాలి. ఏ ఇల్లూ అంత కొనదు. కాబట్టి సేల్స్ ట్యాక్స్ లాభమంతా పక్క ఊరి జనం వచ్చి కొంటేనే. ఫ్రీవే ఎగ్జిట్ దగ్గర హోమ్ డిపో కోసం ఊళ్ళు పోటీపడేది అందుకే. పచారీ షాపుతో జనం సందడి ఉంటుంది గానీ పన్ను అంతగా రాదు. ఇండియన్ గ్రోసరీ రసీదు తీసి చూడండి: సోనామసూరి, కందిపప్పు, బెండకాయల మీద పన్ను సున్నా. కుక్కరు, అగరబత్తులు, కూల్ డ్రింకుల మీద పడుతుంది. పక్కనే ఉన్న బిర్యానీ హోటల్ బిల్లు మొత్తం మీద పడుతుంది.

ఈ సేల్స్ ట్యాక్స్ సగాన్ని రాష్ట్ర పన్నులు వసూలు చేసే కంప్ట్రోలర్ సైటులో చూడాలి. సేల్స్ ట్యాక్స్ అలొకేషన్ అని వెతికి ఊరి పేరు కొడితే నెలనెలా ఎంత వచ్చిందో ఏళ్ళ తరబడి కనిపిస్తుంది. రెండు నెలలు ఆలస్యంగా వస్తుందని గుర్తుంచుకోండి: జనవరిలో అమ్మినదానికి వ్యాపారి ఫిబ్రవరి 20 కల్లా లెక్క ఇస్తే, ఊరికి మార్చిలో చేరుతుంది. ఊరికి రావాల్సిన ఆ డబ్బులో రాష్ట్రం సర్వీసు ఛార్జీగా 2 శాతం పట్టుకుంటుంది. చూడాల్సింది మొత్తం కాదు, ఊగిసలాట. ఒక నెల అమాంతం లేచి మరో నెల పడిపోతుంటే ఊరు ఒకరిద్దరు పెద్ద వ్యాపారుల మీద ఆధారపడిందేమో అనుమానించాలి. రౌండ్ రాక్‌కి డెల్ అలాంటిది. ఆన్‌లైన్ ఆర్డర్ల మీద పన్ను ఏ ఊరికి చెందాలన్న నిబంధనను కంప్ట్రోలర్ మార్చబోతే ఆ ఊరూ, కాపెల్ లాంటి మరికొన్నీ కోర్టుకెక్కాయి.

అన్నిటికంటే తెగించింది హ్యూస్టన్ పక్కనున్న స్టాఫర్డ్. జనం పదిహేడు వేల పైచిలుకు. 1995లో సిటీ ప్రాపర్టీ ట్యాక్స్‌ను సున్నా చేసేసి, పాతికేళ్ళకు పైగా సేల్స్ ట్యాక్స్, ఫ్రాంచైజీ ఫీజుల (కరెంటు, కేబుల్ లాంటి కంపెనీలు ఊరికి కట్టేవి) మీదే బండి లాగింది. చుట్టూ హైవేలు, గోదాములు, షాపులు ఉన్నాయి కాబట్టి సాగింది. ఇళ్ళు తప్ప ఇంకేమీ లేని కొత్త ఊరు అలా చేస్తే మొదటి మాంద్యంలోనే పోలీసు జీతాలకు తడుముకోవాలి. సున్నా అన్నది సిటీ వరసకే. అక్కడ ఇల్లున్నా కౌంటీకి, స్కూలుకి కట్టక తప్పదు.

ఇల్లు కొనేవాళ్ళకు రెండు జాగ్రత్తలు. కొత్త ఇంటికి సైటులో కనబడే పన్ను జనవరి 1న ఉన్న స్థితికి. ఆ రోజుకి స్థలమే ఉంటే స్థలానికే పన్ను. మరుసటేడు ఇంటితో కలిపి బిల్లు వచ్చాక ఎస్క్రోలో (పన్ను కోసం బ్యాంకు నెలనెలా పట్టి ఉంచే ఖాతా) లోటు పడి నెల కిస్తీ వందల్లో పెరుగుతుంది. రెండోది, పిడ్ (కాలనీ వసతుల ఖర్చు కోసం ఏర్పరచే ప్రత్యేక డిస్ట్రిక్ట్) రుసుము చట్టం దృష్టిలో పన్ను కాదు, అసెస్‌మెంట్. ఈ రేట్ల పోలికలో అది దొరక్కపోవచ్చు. బిల్డర్ ఇచ్చే కాగితాల్లో వెతకండి. మడ్ మాత్రం వరసలో ఉంటుంది. సిటీ రేటు లేదని సంబరపడేలోపు మడ్ రేటు చూడండి.

ఇంటి విలువ మీద గొడవకు ఇది చోటు కాదు. ప్రొటెస్ట్ గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అది. సైటు నిండేది ఆగస్టులో. అప్పటికి మిగిలేది రేటు మీద మాట ఒక్కటే. దానికి హియరింగ్ తేదీ, చోటు, వ్యాఖ్య పంపే ఫారం అక్కడే ఉన్నాయి. "పన్ను తగ్గించండి" అని రాస్తే ఎవరూ కదలరు. "టైప్ బీ నిధిలో ఎంత మిగిలింది, ఆ అర శాతంలో కొంత తగ్గించి రోడ్లకు మార్చే ఎన్నిక ఎందుకు పెట్టరు?" అని అడిగితే జవాబు చెప్పక తప్పదు. సెప్టెంబరు నెలాఖరుకల్లా రేటు ఖాయం చేసేస్తారు కాబట్టి ఆగస్టు దాటనివ్వకండి. జూలైలో తెరిస్తే పోయినేటి రేట్లే ఉండొచ్చు, పేజీ మీదున్న సంవత్సరం చూసి మరీ చదవండి.