నుంగంబాకంలో టెన్నిస్ చూడాలంటే: చెన్నై ఓపెన్ యాత్రానుభవం

చెన్నై ఓపెన్ చూడటానికి ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో బయలుదేరేవారు మొదట తేల్చుకోవలసింది ఏ పేరున్న క్రీడాకారిణి వస్తోందన్నది కాదు, వారంలో ఏ రోజు వెళ్లాలన్నది. ఫైనల్ ఒక్కటే చూసి వచ్చేవారి కన్నా బుధ, గురువారాల్లో వెళ్లి రెండు పూటలు గడిపేవారికే పెట్టిన డబ్బుకు తగిన టెన్నిస్ దక్కుతుందని నా అభిప్రాయం. పురుషుల పోటీ జరిగిన కాలంలోనూ, ఇప్పుడు మహిళల పోటీ జరుగుతున్న కాలంలోనూ అక్కడి గ్యాలరీలో కూర్చున్నాక ఏర్పడిన అభిప్రాయమిది.

పురుషుల పోటీ 1997 నుంచి 2017 దాకా ఇక్కడ సాగింది, 2018లో పుణెకు తరలిపోయింది. తొలి కొన్నేళ్లు తప్పిస్తే అది కొత్త సంవత్సరం తొలి వారంలో, ఆస్ట్రేలియన్ ఓపెన్‌కు ముందు జరిగేది. ఆటగాళ్లకు సన్నాహంగా ఉపయోగపడేది, చూసేవారికి చెన్నైలో ఏడాది మొత్తం మీద హాయిగా ఉండే రోజులవి. 2008 సెమీఫైనల్లో రఫెల్ నడాల్, తన దేశస్థుడే అయిన కార్లోస్ మోయాతో మూడు సెట్లూ టైబ్రేక్‌కు (6-6 వద్ద సెట్‌ను తేల్చే ఆటకు) వెళ్లిన మ్యాచ్‌ను దాదాపు నాలుగు గంటలు ఆడి గెలిచి, మర్నాడు ఫైనల్లో మిఖాయిల్ యూజ్నీ చేతిలో 0-6, 1-6తో ఓడిపోయాడు. ఆ శనివారం రాత్రి గ్యాలరీలో ఉన్నవారు ఇప్పటికీ ఆ సెమీఫైనల్ గురించే చెబుతారు, ఫైనల్ ఊసెత్తరు. స్టాన్ వావ్రింకా నాలుగుసార్లు విజేతగా నిలిచింది కూడా ఈ కోర్టులోనే. వాటిలో 2014 టైటిల్ గెలిచిన నెలలోనే అతడు మెల్‌బోర్న్‌లో తన తొలి గ్రాండ్‌స్లామ్ అందుకున్నాడు.

మహిళల డబ్ల్యూటీఏ 250 పోటీ (మహిళల ప్రధాన టెన్నిస్ టూర్‌లో కింది స్థాయిది) 2022 సెప్టెంబర్‌లో మొదలైంది. జనవరి పోయి సెప్టెంబర్ రావడం చిన్న మార్పు కాదు. ఎండ తగ్గినా ఉక్కపోత తగ్గదు. రాత్రి ఎనిమిదింటికి గ్యాలరీలో ఊరికే కూర్చున్నవారి చొక్కాలే తడిసిపోతుంటే, కోర్టులో పరుగెత్తేవారి అవస్థ వేరే చెప్పనక్కరలేదు. ఆ ఏడాది శనివారం సెమీఫైనళ్లకు టికెట్ కొన్నవారికి ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా దక్కలేదు. మాగ్దా లినెట్‌తో తలపడిన కేటీ స్వాన్ మూడు గేములకే శరీరం సహకరించక తప్పుకుంది. లిండా ఫ్రూవిర్తోవాపై తొలి సెట్ గెలిచిన నదియా పొదొరోస్కా కూడా మూడో సెట్ ఆరంభంలోనే విరమించింది. మర్నాటి ఫైనల్ మాత్రం మూడు సెట్లు సాగింది. పదిహేడేళ్ల ఫ్రూవిర్తోవా 4-6, 6-3, 6-4తో గెలిచి తన తొలి డబ్ల్యూటీఏ టైటిల్ అందుకుంది. చివరి రెండు రోజుల మీదే ఆశలన్నీ పెట్టుకుంటే ఇలా ఒక రోజు చేజారే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అదే వారం మధ్యలో అయితే ఒక మ్యాచ్ ఆగిపోయినా పక్క కోర్టులో మరొకటి నడుస్తూనే ఉంటుంది.

2025లో పోటీ మళ్లీ వచ్చింది, కానీ ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, అక్టోబర్ 27 నుంచి నవంబర్ 2 వరకు. మోంథా తుపాను ఆ వారమే కాకినాడ సమీపంలో మన తీరం దాటింది. చెన్నైలో వారం మొదట్లో వానలు ఆటను వెనక్కి నెట్టాయి. నుంగంబాకం ప్రధాన కోర్టుకు పైకప్పు లేదు కనుక, ఈ రోజుల్లో వెళ్లదలచినవారు గది తీసుకునేటప్పుడే ఒక రోజు అదనంగా ఉంచుకోవడం, రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి వచ్చే పద్ధతిలో తీసుకోవడం మంచిది. ఆన్‌లైన్‌లో టికెట్ కొనేటప్పుడు వాన వల్ల ఆట జరగకపోతే ఏమిటన్న నిబంధనను కూడా చదువుకోవాలి. కోడంబాకంలో ఉండే మా బాబాయి పురుషుల పోటీ నాటి నుంచీ ఇక్కడికి వెళ్తున్నవాడు. నేను ఫోన్ చేసి ఏ టికెట్ తీసుకోమంటావని అడిగితే, “ముందు ఆకాశం చూడరా, తరువాత డ్రా చూద్దువు గాని” అన్నాడు. డ్రా అంటే ఎవరితో ఎవరు తలపడతారో చూపే పట్టిక.

ఆ ఏడాది వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకుతో పనిలేకుండా నిర్వాహకులు ఇచ్చే ప్రవేశాలు, పొందినవారిలో ఇద్దరు తెలుగు అమ్మాయిలు, శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి ఉన్నారు. అదే ఏప్రిల్‌లో పుణెలో జరిగిన బిల్లీ జీన్ కింగ్ కప్‌లో (దేశాల మహిళా జట్ల పోటీలో) శ్రీవల్లి ఆడిన అయిదు సింగిల్స్ మ్యాచ్‌లూ గెలిచింది. ఆమె పొడవైన చేతులతో సర్వ్ చేసే తీరును టీవీలో చూడటం వేరు, కోర్టు పక్కన నిలబడి బంతి శబ్దం వినడం వేరు. ఫైనల్లో ఇండోనేషియాకు చెందిన జానిస్ త్జెన్ 6-4, 6-3తో కింబర్లీ బిరెల్‌ను ఓడించింది. 2002లో ఏంజెలిక్ విజాజా తరువాత ఆ దేశానికి దక్కిన తొలి డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఇది. ఆ ఆదివారమే నవీ ముంబైలో మన మహిళలు ప్రపంచ కప్ క్రికెట్ ఫైనల్ ఆడుతుండటంతో, టెన్నిస్ అభిమానుల మాటలు కూడా మధ్యమధ్య అటు మళ్లుతూనే ఉన్నాయి. దానికి ఎవరినీ తప్పు పట్టలేము.

ఇక స్టేడియం సంగతి. 1995లో మద్రాసులో దక్షిణాసియా క్రీడలు జరిగినప్పుడు సిద్ధమైన ఈ ప్రాంగణం మరీ పెద్దది కాదు, ప్రధాన కోర్టు చుట్టూ ఆరు వేలకు లోపే కూర్చోగలరు. అదే దీని గొప్ప. చౌక టికెట్ కొని పై వరుసలో కూర్చున్నా బంతి తిరుగుడు కనిపిస్తుంది, పాయింటు పోయినప్పుడు క్రీడాకారిణి తనలో తాను గొణుక్కోవడం కూడా ఒక్కోసారి వినిపిస్తుంది. టెన్నిస్ కోర్టులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి కనుక పగటి ఆటకు వెళ్లేవారు పడమటి వైపు సీట్లు తీసుకుంటే మధ్యాహ్నం తరువాత ఎండ వీపు వెనక్కి పోతుంది. తూర్పు వైపు కూర్చుంటే సూర్యాస్తమయం దాకా చేయి అడ్డుపెట్టుకుని చూడాలి. ఖరీదైన టికెట్ కొనే ముందు సీటు ఎంత దగ్గరగా ఉందో కాక ఏ దిక్కున ఉందో చూడాలి. పక్క కోర్టుల వద్ద ఈ సౌకర్యాలేవీ ఆశించకూడదు, కానీ అసలైన ఆనందం అక్కడే ఉంది. డబుల్స్ మ్యాచ్‌లు, క్వాలిఫైయింగ్ పోటీలు, సాధన వంటివన్నీ కంచెకు ఇవతల నిలబడి అతి దగ్గరగా చూడవచ్చు.

ప్రేక్షకుల గురించి కూడా చెప్పాలి. 1960, 1961 వింబుల్డన్‌లలో సెమీఫైనల్ చేరిన రామనాథన్ కృష్ణన్, ఆయన కుమారుడు రమేశ్, అమృతరాజ్ సోదరులు పెరిగిన ఊరిది. లియాండర్ పేస్ తర్ఫీదు పొందిన అకాడమీ కూడా ఇక్కడిదే. అందుకే పాయింటు నడుస్తుండగా ఎవరూ లేచి నడవరు, విదేశీ క్రీడాకారిణి మంచి షాట్ కొట్టినా మనస్ఫూర్తిగా చప్పట్లు కొడతారు. పక్క సీటులోని పెద్దాయన నాతో అరవంలో మొదలుపెట్టి, నా తడబాటు చూసి తెలుగులోకి మారి, బ్రేక్ పాయింట్ వద్ద రెండో సర్వ్ ఎటు వేయాలో వివరించారు. చెన్నైలో ఇలాంటి అనుభవం అరుదు కాదు.

బస విషయంలో మూడు దారులున్నాయి. నుంగంబాకంలోనే, మహాత్మా గాంధీ రోడ్డు మీద తాజ్ కోరమండల్ వంటి పెద్ద హోటళ్లు ఉన్నాయి. ఆట ముగిసిన పది, పదిహేను నిమిషాల్లో గదికి చేరవచ్చు కానీ, ఆ ఒక్క సౌకర్యానికి అంత ధర పెట్టడం, రోజంతా స్టేడియంలోనే గడిపేవారికి దండగ. రెండోది ఎగ్మోర్. అక్కడ చాలా లాడ్జీల్లో ఇరవై నాలుగు గంటల లెక్కన గది ఇస్తారు, మధ్యాహ్నం దిగినవారు మర్నాటి మధ్యాహ్నం దాకా ఉండవచ్చు. అయితే మేము దిగిన ఒక లాడ్జీలో ఏసీ గది అని చెప్పి డబ్బు తీసుకుని, రాత్రి పదకొండింటికి ఆట చూసి వచ్చేసరికి కరెంటు భారం ఎక్కువైందంటూ ఏసీ ఆపేశారు. గొడవ పడ్డాక ఫ్యాను బాగా తిరిగే మరో గది ఇచ్చారే తప్ప తేడా డబ్బు వెనక్కి ఇవ్వలేదు. కనుక ఎగ్మోర్‌లో గదిని కళ్లారా చూసి, ఏసీ వేయించి చూసుకున్న తరువాతే డబ్బు కట్టాలి.

మూడోది త్యాగరాయనగర్, నా ఓటు దానికే. మాంబళం స్టేషన్ నుంచి నుంగంబాకం స్టేషన్‌కు లోకల్ రైల్లో మధ్యన కోడంబాకం ఒక్కటే అడ్డు. దిగాక వళ్లువర్ కోట్టం దిశగా నడిచి స్టేడియం చేరవచ్చు. సాయంత్రం ఆరు గంటలకు ఆ రోడ్ల మీద కారులో కూర్చున్నవారి కన్నా రైలెక్కినవారే ముందు చేరతారు. పానగల్ పార్కు చుట్టుపక్కల తెలుగు మాటకు కరువు లేదు, ఆ పార్కుకు పేరు కూడా మన పానగల్ రాజా రామరాయణింగారిదే. అసౌకర్యమంటూ ఉంటే రంగనాథన్ వీధి జనసమ్మర్దమే. పండుగ రోజుల్లో మాంబళం స్టేషన్ నుంచి పెట్టెతో బయటపడటం అయిదు సెట్ల మ్యాచ్‌తో సమానం. రాత్రి మ్యాచ్ మూడో సెట్‌కు సాగితే లోకల్ రైళ్లు పలచబడతాయి. అప్పుడు గేటు ముందు నిలిచిన ఆటోలను అడగకుండా, పెద్ద రోడ్డు దాకా నడిచి యాప్‌లో బండి పిలిపించుకుంటే సగం ధరకే పని అయింది.

తిండి గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ప్రాంగణంలోని దుకాణాల్లో దొరికేవి పాప్‌కార్న్, పఫ్, కూల్ డ్రింక్ వంటివే. ధర బయటికన్నా బాగా ఎక్కువ, రెండో మ్యాచ్ నాటికి అవీ చల్లారిపోతాయి. మధ్యాహ్నం త్యాగరాయనగర్‌లో ఏదో ఒక ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర, కారప్పొడి, నెయ్యితో కడుపునిండా భోంచేసి వెళితే రాత్రి దాకా ఇబ్బంది ఉండదు.

ఇంట్లో కూర్చుని చూస్తే చాలదా అనేవారికి ఒక మాట. గ్రాండ్‌స్లామ్‌ల వరకు మన దేశంలో ఏర్పాటు బాగానే ఉంది. 2025లో వింబుల్డన్, యూఎస్ ఓపెన్ స్టార్ వారి వద్ద, మిగిలిన రెండూ సోనీ వారి వద్ద ఉన్నాయి. సోనీ 2021లో తమిళ, తెలుగు వ్యాఖ్యానాల కోసం ప్రత్యేకంగా ఒక ఛానల్ కూడా మొదలుపెట్టింది. కానీ 250 స్థాయి పోటీని కెమెరా ఎక్కువగా ప్రధాన కోర్టు నుంచే చూపుతుంది. రెండో నంబరు కోర్టులో మన వైల్డ్ కార్డు అమ్మాయి డబుల్స్ ఆడుతుంటే ఆ మ్యాచ్ స్కోరు అంకెలుగానే మనకు చేరుతుంది. నేను ప్రయాణానికి డబ్బు పెట్టేది ఆ కోర్టు కోసమే.

ఉదయాలు ఖాళీగా ఉంటాయి కనుక వళ్లువర్ కోట్టం చూడవచ్చు. తిరువారూరు రథం నమూనాలో 1976లో కట్టిన ఈ కట్టడంలో తిరుక్కురళ్‌లోని 1330 ద్విపదలు చెక్కి ఉన్నాయి, మరమ్మతుల తరువాత 2025లో మళ్లీ తెరిచారు. మైలాపూరులో పొట్టి శ్రీరాములు గారు నిరాహార దీక్షలో ప్రాణం విడిచిన ఇల్లు స్మారక భవనంగా ఉంది. అక్కడ గడపడానికి గంట చాలు.

రైళ్ల విషయానికొస్తే, విజయవాడ నుంచి వచ్చే వందేభారత్ రాత్రి పొద్దుపోయాక సెంట్రల్ చేరుతుంది కనుక ఆ రోజు ఆట దక్కదు. పొద్దున్నే బయలుదేరే పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి దిగి, ఎదురుగా పార్క్ స్టేషన్‌లో లోకల్ అందుకుని, గదిలో పెట్టె పడేసి సాయంత్రపు ఆటకు వెళ్లవచ్చు. తిరుగు ప్రయాణానికి వందేభారత్ తెల్లవారుజామునే బయలుదేరుతుంది. రాత్రి మ్యాచ్ చూసినవారికి నిద్ర దక్కకపోయినా మధ్యాహ్నం భోజనం వేళకు విజయవాడలో ఉంటారు. అలా వద్దనుకునేవారికి మధ్యాహ్నపు పినాకిని ఉంది. ఆట ఎప్పుడు ముగుస్తుందో ముందుగా చెప్పలేము కనుక ఆ రాత్రి రైలుకు మాత్రం టికెట్ తీసుకోకూడదు.