బొలివియాలో కింది నుంచి పైకి ఎక్కండి

బొలివియా వెళ్లే మనవాళ్లు చాలామంది నేరుగా లా పాజ్‌కి టికెట్ తీసుకుంటారు. ఆ ఎయిర్‌పోర్ట్ ఎల్ ఆల్టోలో, 4,000 మీటర్లకు పైన ఉంది. సూట్‌కేసు లాక్కుంటూ బయటికొచ్చేసరికే ఆయాసం, రాత్రికి తలనొప్పి, కడుపులో తిప్పడం, కట్టిన హోటల్ డబ్బులు మంచం పాలు. నా మాట వింటే సాంటా క్రూజ్‌లో దిగండి. 400 మీటర్ల ఎత్తున్న మైదానం, ఉక్కపోత, సోయా, పశువులు, డబ్బున్న ఊరు. చూడ్డానికి పెద్దగా ఏం లేదు, ఒక రాత్రి చాలు.

అక్కణ్ణుంచి సుక్రె, 2,800 మీటర్లు. రాజ్యాంగం ప్రకారం రాజధాని ఇదే, ప్రభుత్వం మాత్రం లా పాజ్‌లో నడుస్తుంది. బసకి ఈ ట్రిప్ మొత్తంలో నాకు నచ్చింది ఈ ఊరే: తెల్ల గోడల పాత మండువా ఇళ్లను గెస్ట్‌హౌస్‌లుగా మార్చారు, అద్దె తక్కువ, ఎండా బాగుంటుంది. మార్కెట్లో ఒకావిడ బతాన్ అనే బల్లపరుపు రాతి మీద టమాటా, లొకోతో అనే మిరపకాయ వేసి, బరువైన రాయిని అటూ ఇటూ ఊపుతూ నూరుతోంది. దాన్ని యాహ్వా అంటారు, అచ్చం మన రోటి పచ్చడే, కారానికి లోటు లేదు. శాకాహారులు మాత్రం జాగ్రత్త, వేరుశనగ సూప్ అని ఆశపడి తీసుకుంటే అది మాంసం మరిగించిన నీళ్లతో చేసింది అయి ఉంటుంది.

పొతోసిలో 1545 నుంచి వెండి తవ్వుతున్న కొండ ఉంది, ఇప్పటికీ మనుషులు లోపలికి దిగుతున్నారు. గని టూర్లు అమ్ముతారు. వాళ్ల కష్టాన్ని టికెట్ కొని చూడ్డం నాకు మనస్కరించలేదు, పాత నాణేల ముద్రణాలయం మ్యూజియంతో సరిపెట్టుకున్నాను.

ఉయుని ఉప్పు మైదానం 10,000 చదరపు కిలోమీటర్లకు పైనే, కింద లిథియం. జీపులో ఆరుగురితో కలిసి వెళ్లే మూడు రోజుల టూర్ తీసుకోండి, కానీ డబ్బు కట్టేముందు రాత్రి బసలో హీటర్ ఉందా, వేడినీళ్లకు విడిగా కట్టాలా అని అడగండి. మేం పడుకున్న గదిలో సీసాలో నీళ్లు అంచున గడ్డకట్టాయి. ఉప్పు ఇటుకల హోటల్ ఫొటోలకు బాగుంటుంది, ఆ రేటుకి మాత్రం దండగ. అద్దంలా నీళ్లు నిలిచేది జనవరి నుంచి మార్చి దాకా, అప్పుడు కాక్టస్ చెట్ల ఇంకావాసి దిబ్బకి జీపులు వెళ్లలేకపోవచ్చు.

లా పాజ్ చివర్లో. ఇక్కడ సిటీ బస్సు కన్నా కేబుల్ కారు నయం, 2014లో మొదలై ఇప్పుడు పది లైన్లు అయింది. పైనుంచి ఎల్ ఆల్టో ఇటుక ఇళ్లు, వాటి మధ్య ఆర్కిటెక్ట్ ఫ్రెడ్డీ మమాని కట్టిన రంగురంగుల భవనాలు కనిపిస్తాయి. పక్క సీట్లో గుండ్రటి టోపీ, కుచ్చుల లంగాతో ఐమారా అనే స్థానిక జాతి పెద్దావిడ కూరల మూటతో కూర్చుంటుంది. 2009 రాజ్యాంగం స్పానిష్‌తో పాటు 36 స్థానిక భాషలకు అధికార హోదా ఇచ్చింది. తితికాకా సరస్సు ఇక్కణ్ణుంచే వెళ్లాలి. 1879లో మొదలైన యుద్ధంలో చిలీకి తీరం పోగొట్టుకున్న ఈ దేశానికి నేవీ ఇంకా ఉంది, ఆ సరస్సులోనూ నదుల్లోనూ.

డబ్బు సంగతి: గ్యాస్ ఎగుమతులు పడిపోయి 2023 నుంచి డాలర్లకు కరువొచ్చింది, 2011 నుంచి ఏళ్ల తరబడి కదలని, డాలరుకి 6.96 బొలివియానోల అధికారిక రేటు ఒకటి, బజారు రేటు ఇంకొకటి అయింది. కార్డు గీకేముందు ఇప్పటి రేట్లు కనుక్కోండి, డాలర్ నోట్లు దగ్గర ఉంచుకోండి. కోకా ఆకుల టీ తాగండి గానీ ఆ ఆకులు ఇండియాకి తేవద్దు, కొకైన్ తీసేది వాటినుంచే, మన దగ్గర నేరం. నిరసనలొస్తే రోడ్లు మూసేస్తారు, కాబట్టి తిరుగు విమానానికి ముందు రెండు రోజులు లా పాజ్‌లోనే ఉండేలా చూసుకోండి.