బ్లాక్ చదవడం నేర్పాలంటే ముందు హ్యాండ్ షీల్డ్‌లు కొనండి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో డిఫెన్సివ్ లైన్‌మన్‌కు, అంటే కాచే జట్టు ముందు వరస ఆటగాడికి, బ్లాక్ చదవడం నేర్పాలి: ఎదుటివాడు తనను ఎలా అడ్డుకోబోతున్నాడో అతని కదలికను బట్టి పసిగట్టడం. దానికి స్లెడ్ (నెట్టడానికి వాడే, ప్యాడ్ బిగించిన బరువైన చట్రం) కంటే హ్యాండ్ షీల్డ్ (పట్టీలతో చేత పట్టుకునే ఫోమ్ ప్యాడ్) ఎంతో నయం. స్లెడ్ మీద బంతి కదలగానే లేవడం, చేతులతో గట్టిగా కొట్టడం వస్తాయి. కానీ అది తనంతట తాను అడుగు వేయదు, కాబట్టి అందులో చదవడానికి ఏమీ లేదు.

కొనేటప్పుడు ఫోమ్ మందం కంటే ఎత్తు చూడండి. మరీ పొడుగైతే పట్టుకున్నవాడి హెల్మెట్‌ను కప్పేస్తుంది. లైన్‌మన్ చదవాల్సింది ఆ హెల్మెట్‌నే! ఛాతీ దగ్గర ఆగే పొట్టి షీల్డ్ తీసుకోండి. వెనక పట్టీల మొదట్లో రెండు వరసల కుట్టు ఉండాలి, ముందు చిరిగేది అక్కడే.

మూడు కావాలి, ఎదుటి జట్టు ముందు వరసలో నిలిచేవాళ్ళకు: మధ్యలో ఉండే సెంటర్‌కి, అతని పక్కన గార్డ్‌కి, ఆ పక్కన టాకిల్‌కి. నేర్చుకునేవాడు గార్డ్ బయటి భుజానికి ఎదురుగా, అంటే త్రీ టెక్నిక్‌లో, నిలబడతాడు. కోచ్ అతని వెనక నుంచి ఏ బ్లాకో వేళ్ళతో షీల్డ్ వాళ్ళకు చూపించాలి. మొదట నడక వేగంలో, మొదటి రెండు అడుగుల వరకే చేయించండి.

గార్డ్ హెల్మెట్ బయటికి దాటబోతే రీచ్ బ్లాక్, అంటే బయటి వైపు నుంచి చుట్టి అడ్డుకోవడం. లైన్‌మన్ చేతులు చాచి అతన్ని దూరంగా ఆపి, తన బయటి భుజం చిక్కకుండా తన గ్యాప్‌లోనే (తాను కాయాల్సిన సందులోనే) ఉండాలి. హెల్మెట్ పైకి లేచి బరువు వెనక్కి పోతే పాస్, ఇక బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికే. ఎక్కువమంది తప్పేది గార్డ్ తనను వదిలి లోపలికి, సెంటర్ వైపు ఉన్నవాణ్ణి అడ్డుకోవడానికి, అంటే డౌన్ బ్లాక్‌కి వెళ్ళినప్పుడు. ఎదురుగా ఎవరూ లేరని సంబరపడి ముందుకు ఉరుకుతారు. సెంటర్‌కు అవతలి గార్డ్ పుల్ అయి (తన చోటు వదిలి వరస వెనక నుంచి) వచ్చి పక్క నుంచి ట్రాప్ కొడతాడు, బంతితో పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌కు పెద్ద దారి తెరుచుకుంటుంది. అందుకే గార్డ్ తుంటి మీద చెయ్యి వేసి, అతనితోపాటే లోపలికి నొక్కుతూ పోవాలి.

షీల్డ్‌కు రెండు లోపాలున్నాయి. పట్టుకున్నవాడి చేతులు పట్టీల్లో ఉంటాయి గనక జెర్సీ పట్టేసే చేతుల్ని విదిలించుకోవడం అలవాటు కాదు. గార్డ్, టాకిల్ కలిసి ఒక్కణ్ణే అడ్డుకునే డబుల్ టీమ్‌లో రెండు షీల్డ్‌లూ ఒకదానికొకటి తగిలి ఆగిపోతాయి, తుంటి మీద పడే టాకిల్ ఒత్తిడి తెలియదు. ఈ రెంటికీ షీల్డ్ పక్కనపెట్టి, ప్యాడ్స్ తొడిగి, మనిషికి మనిషినే ఎదురు నిలపండి.