నోటి అద్దం: నాలుగేళ్ళ వాడకం తర్వాత

బెంగళూరు మారతహళ్లిలో మా క్లినిక్. పళ్ళకి క్లిప్పులు వేయించుకోడానికి వచ్చేవాళ్ళలో పది నుంచి పధ్నాలుగేళ్ళ పిల్లలే ఎక్కువ, మన తెలుగు కుటుంబాలు చాలానే ఉంటాయి. పళ్ళని దగ్గర్నుంచి ఫోటో తీసే 100 ఎంఎం మాక్రో లెన్సు, దాని చుట్టూ అమరే రింగ్ ఫ్లాష్ సంగతి ఈ పనిలో ఉన్న అందరికీ తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది పై వరస, కింది వరస ఫోటోల కోసం నోట్లో పెట్టే అద్దం గురించి, అదీ ప్రతిబింబాన్ని చూపించే పూత గాజు ముందువైపు ఉండే రకం గురించి.

మామూలు అద్దానికి పూత గాజు వెనకాల ఉంటుంది. ఫోటోలో ప్రతి పన్ను పక్కనా నీడలా ఇంకో అంచు పడేది. ఈ ముందు పూత అద్దం కొన్న రోజు తీసిన మొదటి ఫోటోలో దవడపళ్ళ మీది సన్నని గాడులు కూడా విడివిడిగా కనిపించాయి. తెలిసిన ఆర్థోడాంటిస్టులందరికీ (నాలాగే వంకర పళ్ళు సరిచేసే డాక్టర్లకి) ఇదే కొనమని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి.

పోయిన వేసవిలో ఒక పన్నెండేళ్ళ పాపకి ఫోటోలు తీశాం. ఎడమవైపు పై రెండో దవడపన్ను, అప్పుడప్పుడే చిగురు దాటి వస్తున్నది, దాని మీద వెంట్రుకంత గీత. నాకంటే ముందు వాళ్ళమ్మే చూసింది. "డాక్టర్ గారూ, పన్ను చీలిందాండీ?" గాలి కొట్టి ఆరబెట్టాను, ప్రోబ్ (సన్న మొన ఉన్న పరికరం) ఆనించాను, పక్కనుంచి లైటు వేసి చూశాను. ఫోటోలో ఉంది, నోట్లో లేదు. మళ్ళీ చూద్దామని చెప్పి పంపానే గానీ మనసు కుదుటపడలేదు. సాయంత్రం ఇంకో బాబుకి తీస్తే, అదే చోట అదే గీత.

గీత పడింది అద్దం మీద. పూతే పైన ఉంటే దాన్ని కాపాడే గాజు ముందు లేదు కదా. కొత్తగా చేరిన అసిస్టెంటు ఆవిరి పట్టిందని గాజ్ గుడ్డతో (గాయాలకి కట్టే పలచని నూలు గుడ్డ) గట్టిగా తుడిచింది. తప్పు నాది, ఆ అమ్మాయికి నేను చెప్పలేదు. లెన్సు రంధ్రం బాగా చిన్నది చేసి (ఎఫ్ 22 మీద), దగ్గరా దూరం రెండూ స్పష్టంగా పడేలా తీస్తాం కాబట్టి పన్ను ఎంత స్పష్టంగా పడుతుందో, దాని పక్కనే ఉన్న గీతా అంతే స్పష్టంగా పడుతుంది. వెంటనే ఆ పాప వాళ్ళమ్మకి ఫోన్ చేశాను. "పొద్దుట్నుంచీ ఆ వైపు నమలడమే మానేసిందండీ" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇప్పుడు అద్దాన్ని గోరువెచ్చని నీళ్ళలో ముంచి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దుతాం. ఆవిరి పట్టదు, చల్లగా తగిలి పిల్లలు ఉలిక్కిపడటం కూడా తగ్గింది. ఆటోక్లేవ్‌లోకి (ఆవిరితో క్రిములు చంపే యంత్రం) వేరే పౌచ్‌లోనే వెళ్తుంది. ప్రతి ఫోటోకి ముందు వెలుతురుకి పట్టి చూస్తాను.

మళ్ళీ అదే రకం రెండు కొన్నాను. అయితే నా దగ్గర రోజుకి ఫోటోలు తీయించుకునే పిల్లలు నలుగురైదుగురే, అద్దాలు ఒక్కరి చేతిలోనే ఉంటాయి. నలుగురి చేతులు మారే చోట ఉండి ఉంటే, ఫోటో కొంచెం మసకబారినా స్టీలు అద్దమే తీసుకునేదాన్నేమో.